ఎర్ర మూత డబ్బా

మొన్న పెసరపప్పు కోసం మా వీధి చివరి సూపర్ బజారుకు వెళ్ళి ఊరగాయల అర దగ్గర నిలబడిపోయాను. ఆవకాయకూ గోంగూరకూ మధ్యలో పొట్టి గాజుసీసా ఒకటి కొత్తగా వచ్చి కూర్చుంది. లోపల ఎర్రగా ఊరిన క్యాబేజీ ముక్కలు, మీద కొరియా అక్షరాలు, కింద తెలుగులో కిమ్చి అని పేరు. ఊరగాయ చూస్తే ఎవరికైనా నోట్లో నీళ్ళూరాలి. నాకు అరచేతుల్లో చెమట పట్టింది. సీసా తీసి చుట్టూ తిప్పి, శాకాహారమని చెప్పే పచ్చచుక్క ఉందా అని వెతికాను. ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అప్పుడూ ఉంది. పక్కనున్న అమ్మాయి "బాగుంటుంది అంకుల్, తీసుకోండి" అంది. నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఆ సీసాను మెల్లగా అరలో పెట్టి, పెసరపప్పు సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాను. పప్పేదని ఇంట్లో అడిగితే, దొరకలేదని చెప్పాను.

నేను పుట్టుకతోనే పిరికివాణ్ణి. హైస్కూల్లో ముప్పైమూడేళ్ళు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనక ఈ విషయం సిగ్గుపడకుండా, కొంచెం శాస్త్రీయంగా కూడా చెప్పగలను. చిన్నప్పుడు తిరుచానూరు వీధుల్లో ఉత్సవానికి ఏనుగు వస్తోందంటే పిల్లలంతా ఎదురు పరుగెత్తేవాళ్ళు, నేను వెనక్కి పరుగెత్తేవాణ్ణి. వెనక్కంటే మా అత్త కొంగు వెనక్కి. అత్త అంటే మా నాయనకు అక్క. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోతే, అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచిన మనిషి. ఏనుగు మా ముందుకొచ్చి ఆగితే ఆమె నన్ను బయటికి లాగి, నా చేతిలో అరటిపండు పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని ఏనుగు తొండం దగ్గరికి చాపేది. "భయపడు, తప్పు లేదు. భయపడతానే ఇయ్యి" అనేది. అన్నేళ్ళలో నేను నేర్చుకున్నది భయపడటం మటుకే. ఇచ్చే పని ఆమే చేసేది.

అత్త ఇంటి గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిన దాంట్లో అంత భయపడాల్సింది ఏముందో అర్థం కాదు. మా మామయ్య గుడి వంటశాలలో ప్రసాదాలు వండే కైంకర్యంలో బతుకంతా గడిపాడు. ఆయన కొడుకు, అంటే నా బావ, గుడిలో పొద్దున్నే పాశురాలు చదివే గోష్ఠిలో నిలబడతాడు. ఆ ఇంట్లోకి ఎర్రగడ్డ రాదు, తెల్లగడ్డ రాదు, ఉల్లీ వెల్లుల్లీ అన్న మాట కూడా వంటింటి గడప బయటే. దేవుడికి ఆరగింపు కానిదే ఎవరికీ ముద్ద దిగకూడదు. చారును అక్కడ సాత్తముదు అంటారు, దాన్ని రాచిప్పలో కాస్తారు. ఎనభై ఆరేళ్ళు వచ్చేదాకా మా అత్త హోటలు గడప తొక్కలేదు. ప్రయాణాల్లో ఆకలేస్తే అరటిపళ్ళు తినేది. ఒకసారి చెన్నై రైలు దారిలో ఆరు గంటలు ఆగిపోతే, పెట్టెలో అందరూ పులిహోర పొట్లాలు కొనుక్కు తింటుంటే ఈమె మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ విష్ణు సహస్రనామం మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు చదివిందట.

ఇలాంటి మనిషికి కొరియా పిచ్చి పట్టించింది ఆమె మనవరాలు. మామయ్య పోయాక మధ్యాహ్నాలు అత్తకు పొద్దుపోయేది కాదు. ఆ పిల్ల ఒక ఫోను కొనిచ్చి, అందులో తెలుగు మాటలు పెట్టిన కొరియా సీరియళ్ళు చూపించింది. వారం తిరిగేసరికి అత్త భోజనం చేస్తూ కూడా వాళ్ళ సంగతులే. నేను ఆదివారాలు వెళితే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వ్యాఖ్యానం చెప్పేది. "సూడరా, ముసలావిడ చెంచా ఎత్తేదాకా ఒక్కరైనా ముట్టినారా? మనింట్లో యాడుండాది ఆ మర్యాద?" అని బావకు వినబడేలా అనేది. వాళ్ళు పెద్దలకు వంగి దండం పెడితే తానూ తల ఊపి ఆశీర్వదించేది. ఏ సీరియల్లోనైనా నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పొగలు కక్కే గిన్నెలో అన్నం కలుపుకుంటుంటే కన్నార్పేది కాదు. ఒక ఆదివారం బావ గుడికి వెళ్ళగానే గొంతు తగ్గించి, "ఒరే, మన తిరుపతిలో ఆ కొరియావోళ్ళ హోటలు ఒకటి ఉండాదంట గదా. నన్నొకసారి తీసకపో" అంది. ఏనుగు వచ్చి వాకిట్లో నిలబడినట్టయింది నాకు.

నేను చెప్పగలిగిన అడ్డంకులన్నీ చెప్పాను. మడి అన్నాను, మాంసం అన్నాను, బావ అన్నాను. ఆమె అన్నీ విని, "యాభై ఏండ్లు వండి వడ్డించినాను. ఒక్కసారి నేను కూచుంటాను, ఎవరన్నా తెచ్చి పెట్టనీ. నియమం తప్పకుండా దొరికితేనే తింటా, లేకుంటే చూసి వచ్చేస్తా" అంది. ఆ కూచుంటాను అన్న మాట ముందు నా అడ్డంకులేవీ నిలబడలేదు. మర్నాడే వెళ్ళి ఆ హోటలు చూసి వచ్చాను.

బైపాసు రోడ్డు మీద టైర్ల కొట్టు పైన ఒక హాలు. తడ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే కొరియావాళ్ళు సెలవురోజున అక్కడికొచ్చి తింటారు. కాలేజీ పిల్లలు కూడా బాగానే వస్తారు, ఎందుకంటే జేబుకు భారం కాని చోటు. నడిపేది చిత్తూరు సాయిబు. పన్నెండేళ్ళు ఆ ఫ్యాక్టరీల క్యాంటీన్లో వండి వండి, వాళ్ళ వంట ఒంటబట్టించుకుని సొంతంగా పెట్టుకున్నాడు. నేను దొంగలా అటూ ఇటూ చూస్తూ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. నన్ను గోడవార ఉన్న పొడుగు బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడి పద్ధతి ఏమిటంటే, అన్నం గిన్నె వాళ్ళు తెచ్చి పెడతారు, నంజుకునేవి మాత్రం ఎవరికి కావలసినవి వాళ్ళే లేచి వెళ్ళి ఆ బల్ల మీది డబ్బాల్లోంచి తెచ్చుకోవాలి, ఎన్నిసార్లయినా. "సూడండి సార్, ఈ పచ్చ మూత డబ్బాలో ఎర్రగడ్డ లేదు, తెల్లగడ్డ లేదు. క్యాబేజీ, అల్లం, మిరప్పొడి, ఉప్పు, అంతే. కొండకు వచ్చే సాములు ఇదే తింటారు. తిరుపతిలో యాపారం సార్, ఇట్ల సెయ్యకుంటే జరగదు. ఆ ఎర్ర మూతది కొరియావోళ్ళకు. దాంట్లో ఎండు రొయ్యలు నూరి కలుపుతా. మీరు దాని పక్క సూడనే సూడొద్దండి" అన్నాడు. అమ్మ కోసం కొత్త రాతిగిన్నె తీసిపెడతాననీ, పొయ్యి కడిగి, గుడ్డూ మాంసమూ తగలకుండా తానే వండుతాననీ మాటిచ్చాడు. నేను ఇంటికి నడుస్తూ పచ్చ మనది, ఎర్ర వాళ్ళది అని బడిపిల్లాడిలా వల్లెవేసుకున్నాను.

ఇంట్లో ఏం చెప్పాలన్నది తర్వాతి భయం. అత్తకు ఎడమకంట్లో శుక్లం ముదురుతోంది, చూపించాలని బావ ఎప్పటినుంచో అంటున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తానని చెప్పాను. బావ సంతోషించి, "నీకు శ్రమ గదప్పా" అన్నాడు. కంటాస్పత్రిలో చుక్కలు వేస్తారు, రెండు మూడు గంటలు పడుతుంది అని కూడా కలిపాను. అబద్ధానికి ఇంత వివరం ఎందుకో అప్పుడు తెలియదు. పిరికివాడి అబద్ధాలు ఎప్పుడూ అవసరానికి మించి పొడుగ్గా ఉంటాయి.

వెళ్ళింది మధ్యాహ్నం పన్నెండున్నరకు. అత్త మెట్లు నా కంటే ముందు ఎక్కింది. హాల్లో ఒక మూల నలుగురు కొరియావాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళలో తలనెరిసిన ఒకాయన ఈమెను చూసి లేచి నిలబడి కొంచెం వంగాడు. మా అత్త మహారాణిలా తల పంకించి కూర్చుంది. సాయిబు రాతిగిన్నె తెచ్చి ముందు పెట్టాడు. నల్లటి గిన్నెలో అన్నం చిటచిటమంటోంది, చుట్టూ క్యారెట్టు, కీర, పాలకూర, మొలకలు రంగురంగులుగా పేర్చి ఉన్నాయి, నువ్వుల నూనె వాసన గుప్పుమంది. "ఇది మన రాచిప్పే గదరా!" అంది అత్త, పుట్టింటివాళ్ళు ఎదురుపడినట్టు. కొంగుముడి విప్పి, ఇంటినుంచి తెచ్చిన తులసిదళం అన్నం మీద పెట్టి కళ్ళు మూసుకుంది. బల్ల మీది లోహపు పుల్లల్ని చేతిలోకి తీసుకుని, "ఇవి కుట్టుసూదులా, తినేవా?" అని పక్కన పెట్టి చేత్తోనే కలిపింది. నేను చెయ్యి వెయ్యబోతే, "ఆగు, పెద్దదాన్ని నేను తినాల గదా ముందు" అని మొదటి ముద్ద తాను పెట్టుకుంది. నమిలింది. ఇంకోటి పెట్టుకుంది. నేను పచ్చ మూత డబ్బాలోంచి మూడుసార్లు సరిచూసుకుని తెచ్చిన క్యాబేజీ నంజుకుని, "పులుపు, కారం రెండూ సరిగా కుదిరినాయిరా" అంది. ఆ ముఖం ఇప్పటికీ కళ్ళ ముందుంది. ఎనభై ఆరేళ్ళ మనిషి బడి ఎగ్గొట్టిన పిల్లలా ఉంది.

నేను మాత్రం ముద్ద మింగుతూ మింగుతూ మెట్ల వైపే చూస్తున్నాను. అలా ఉండగా అత్త చిన్న పళ్ళెం నా వైపు జరిపి, "ఇంకొంచెం తీసకరా" అంది. లేచి పొడుగు బల్ల దగ్గరికి వెళ్ళాను. గరిటె చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే మెట్ల మీదినుంచి ఒక మనిషి లోపలికొచ్చాడు. గోష్ఠిలో బావ పక్కన నిలబడే పెద్దాయన అల్లుడు. నుదుట తిరుమణి నామం, చేతిలో మడతపెట్టిన గుడ్డసంచి. అతను నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. వెంటనే అతను ముఖం గోడకు తిప్పేశాడు, ఎందుకంటే అతనొచ్చింది కోడి వేపుడు పొట్లం కట్టించుకోవడానికి. నేను ముఖం బల్లకు తిప్పేశాను. ఇద్దరం దొంగలమే, ఒకరికొకరం భయపడి చెరో గోడనూ చూస్తూ నిలబడ్డాం. ఆ తొందరలో చేతికి దగ్గరగా ఉన్న డబ్బాలో గరిటె ముంచి, పళ్ళెం నింపుకుని, తల వంచుకుని వచ్చి కూర్చున్నాను. మూత రంగు చూడలేదు. తిరుపతంతటిలో ఇలాంటి తప్పు నాలాంటి పిరికివాడు తప్ప ఇంకెవరూ చెయ్యరు.

అత్త రెండు ముక్కలు నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. "దీంట్లో ఉప్పు వేరేగా ఉండాదే" అంది. నేను అల్లుడుగారు మెట్లు దిగాడా లేదా అని చూసుకుంటూ "కారం ఎక్కువ వేసుంటారు అత్తా" అన్నాను. ఆమె పళ్ళెం పక్కకు జరిపి మంచినీళ్ళు తాగింది. కాసేపటికి పెదవులు గోక్కోవడం మొదలుపెట్టింది. "నాలిక మొద్దుబారినట్లుండాదిరా" అంది. చూస్తే కింది పెదవి ఉబ్బి ఉంది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. సాయిబు నీళ్ళు తేబోయి మా బల్ల దగ్గర ఆగి, పళ్ళెం చూసి, వేలితో ఒక ముక్క తిప్పి చూశాడు. ఆయన ముఖంలో నెత్తురు దిగిపోయింది. "సార్... ఎర్ర మూతలోది తెచ్చినారా?" అని చాలా నెమ్మదిగా అడిగాడు.

తరతరాలుగా రొయ్య మొహం చూడని వంశంలో, ఎవరి ఒంటికి రొయ్య పడుతుందో ఎవరికి పడదో తెలిసే దారి లేదు. సైన్సు మాస్టర్ని గనక ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అయితే అర్థమైన దానికి తగ్గట్టు కాళ్ళు కదలాలి కదా. సాయిబే పరుగెత్తి ఆటో పిలిచాడు, సాయిబే అత్తను చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. "నేనూ వస్తా సార్, డాక్టరుకు నేను సెప్తా ఏం కలిపినానో" అంటూ ఆటో ఎక్కబోయాడు. నేను వద్దన్నాను. చెయ్యి అడ్డం పెట్టి మరీ వద్దన్నాను. ఆయన వస్తే ఎవరు, ఎక్కడినుంచి అని అడుగుతారు, బావకు తెలుస్తుంది. అత్త ఊపిరి ఈలలా వినబడుతున్న ఆ ఆటోలో కూడా నా లెక్కలు అవే. దారిలోనే బావకు ఫోను చేసి, అత్తకు బాగాలేదు, ఆస్పత్రికి రా అని మాత్రం చెప్పాను.

చిన్న ప్రైవేటు ఆస్పత్రి, పేరెందుకులే. మేం అత్తను మంచం మీద పడుకోబెట్టేసరికే బావ స్కూటరు మీద వచ్చేశాడు, పూలమార్కెట్టు దగ్గరే ఉన్నాడట. డ్యూటీలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టించి, ఒక ఇంజెక్షన్ చేసి, వాపు ఎప్పుడు మొదలైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపు బావే జవాబు చెప్పాడు. "కంటాస్పత్రికి పోయినారు డాక్టరమ్మా. ఆడ చుక్కలు వేసినారు, దానివల్లే అయ్యుంటాది. అమ్మకు గుండెలో స్టెంటు కూడా ఉండాది." "కొత్తగా ఏమైనా తిన్నారా? చేప, రొయ్య, వేరుశెనగ లాంటివి?" అని ఆమె మళ్ళీ అడిగింది. బావ ముఖం చిన్నబోయింది. "మేం గుడి కైంకర్యం చేసేవాళ్ళం. మా ఇంట్లోకి ఎర్రగడ్డ కూడా రాదు" అన్నాడు. ఆ గొంతులో ఎంత నమ్మకం ఉందంటే, డాక్టరమ్మ ఆ ప్రశ్నను అక్కడితో వదిలేసింది.

అత్త పెదవులు ఇంకా ఉబ్బుతున్నాయి. నాలుక నోట్లో పట్టడం లేదు, మాట రావడం లేదు. కళ్ళు రెండు గీతల్లా అయిపోయాయి. ఊపిరి తీస్తుంటే గొంతులోంచి కీచుమనే చప్పుడు. డాక్టరమ్మ ఇంకో మందు సిరంజిలోకి ఎక్కించి చేతిలో పట్టుకుని ఆగింది. "గుండెకు స్టెంటు వేశారంటున్నారు. ఇది బలమైన మందు, గుండె మీద భారం పడుతుంది. తిండి వల్ల అయితే నేను ఒక్క క్షణం ఆగను. చుక్కల వల్ల అయితే ముందు ఏ చుక్కలో తెలియాలి. మీరే కదా తీసుకెళ్ళింది? ఏం వేశారు?" అని నా వైపు తిరిగింది.

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. వెంటనే చెప్పలేదు. నా ఎదురుగా బావ, పొద్దున గోష్ఠిలో పెట్టుకున్న నామం ఇంకా చెరగలేదు. తల్లి నోట్లో రొయ్య పడిందని ఆ ముఖానికి ఎలా చెప్పడం? రేపు గుడిలో అతను ఏ ముఖంతో నిలబడతాడు? వీధిలో అత్త గురించి ఏమంటారు? వీటన్నిటి కంటే నీచమైన ఆశ ఇంకోటి నాలో ఉంది. మొదటి ఇంజెక్షన్ పనిచేస్తుందేమో, ఇంకొంచెం చూద్దాం, వాపు తగ్గిపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అనే ఆశ. నన్ను ముద్దలు పెట్టి పెంచిన మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే నేను గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను. భయం మనిషిని ఇంతదాకా తెస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. తల తిప్పితే అత్త నన్నే చూస్తోంది. ఆ రెండు గీతల్లోంచి, కదలకుండా, నన్నే.

"రొయ్యలు, డాక్టర్" అన్నాను. "ఎండు రొయ్యలు. కొరియా హోటల్లో ఊరగాయలో. కంటాస్పత్రికి పోలేదు. నేనే తెచ్చి పెట్టినాను, నేనే."

డాక్టరమ్మ ఇంకొక్క మాట అడగలేదు. సూది అత్త తొడలో దిగింది. బావ నా వైపు తిరిగి "మా అమ్మకా?" అన్నాడు. కోపంగా కూడా కాదు, ఊరు పేరు తెలియని చోట దిగిన మనిషి దారి అడిగినట్టు అడిగాడు. ఆ తర్వాత పావుగంటలో నేను మొక్కని దేవుడు లేడు. అత్త గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో చూపించే తెర మీద పచ్చగీత పిచ్చిగా గంతులేస్తుంటే ఇప్పుడు ఆగిపోతుంది, ఇప్పుడు ఆగిపోతుంది అనుకుంటూ మంచం కాలు పట్టుకుని కూర్చున్నాను. మెల్లగా కీచుచప్పుడు తగ్గింది. ఇంకాసేపటికి పెదవులు కిందికి దిగాయి. నర్సు వచ్చి "పర్లేదు సార్, ఇంక లేవండి" అంటే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాను.

సాయంత్రందాకా వరండాలో బల్ల మీద ఆ చివర బావ, ఈ చివర నేను. దీపాలు వేసే వేళకు నా వైపు చూడకుండానే, "ఆ గిన్నె... కొత్తదేనా?" అని అడిగాడు. "కొత్తదే బావా. తులసి పెట్టే తినింది" అన్నాను. అతను ఉత్తరీయంతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇద్దరం అరవై దాటిన వాళ్ళం, వచ్చేపోయే వాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాం.

తర్వాత జరగవలసినవి జరిగాయి. బావ పెద్దల దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు తానే చెప్పాడు. అత్తకు పంచగవ్యం ఇచ్చి, శుద్ధి చేయించి, అది పూర్తయ్యేదాకా తాను గోష్ఠికి దూరంగా ఉన్నాడు. నేను ఊహించుకున్న ఉపద్రవాల్లో ఒక్కటీ రాలేదు. పరామర్శకు పళ్ళు పట్టుకుని అందరి కంటే ముందు వచ్చింది ఆ అల్లుడుగారే. నేనూ అతనూ ఒకరినొకరం చూసుకోలేదు. అత్తయితే డాక్టరు రాసిచ్చిన చీటీని, రొయ్యలు పడవని రాసున్న దాన్ని, తిరుచానూరులో కనబడిన ప్రతివాళ్ళకూ చూపించింది. "నాకు రొయ్యలు పడవంట!" అని పూలమ్మే ఆమెతో అంటే, ఆమె నోరు నొక్కుకుని, "పడుంటే తినేదానివామ్మా నువ్వు?" అని నవ్వింది. సాయిబు ఒకరోజు గేటు బయట నిలబడి, "తప్పు నాదేనమ్మా, రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టినా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అత్త అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, "నీది గాదు నాయనా, వీడిది. వీడికి చిన్నప్పటినుంచీ అంతే" అంది. ఇప్పుడు ఆ హోటల్లో ఒక డబ్బా ఈ గోడకు, ఇంకోటి ఆ గోడకు ఉన్నాయి, మధ్యలో హాలంత దూరం.

వీడికి అంతే అన్న మాట అత్త నవ్వుతూనే అంది. కానీ నా లోపల ముల్లు ఉండిపోయింది. డబ్బా సంగతి పొరపాటు, అందరికీ తెలుసు, అందరూ క్షమించారు. ఆస్పత్రిలో నేను ఆగిన సంగతి ఆ కంగారులో ఎవరూ గమనించలేదు. బావ ఇప్పటికీ బంధువుల దగ్గర, "వీడు ధైర్యంగా వెంటనే చెప్పబట్టి మా అమ్మ దక్కింది" అంటాడు. అన్నప్పుడల్లా నేను లేచి వేరే గదిలోకి వెళ్తాను. ఆరునెలలు అలా తిరిగి, ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త ఒక్కతే ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటే పక్కన చతికిలబడి, "అత్తా, ఆ పొద్దు డాక్టరు అడిగినప్పుడు..." అని మొదలుపెట్టాను.

ఆమె బొమ్మను ఆపి, కళ్ళజోడు పైకెత్తి నన్ను చూసింది. "నువ్వు చెప్తావని తెలుసురా నాకు. ఎప్పుడు చెప్తావనేదే తెలీలా" అంది. నా తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసి, మళ్ళీ సీరియల్లోకి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య పట్టింది గడియారం లెక్కన ఒక నిమిషం ఉంటుందేమో. నాకు అరవై నాలుగేళ్ళు గడిచిపోయాయి, ఆ ఒక్క నిమిషం మాత్రం ఇంకా గడవలేదు.